పాపకు బాపమ్మ మాట అర్థం కావడం లేదు: ఇంగ్లిష్ మీడియం మాన్పించాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది పరకాల దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. పాప రెండో తరగతి, ఇంగ్లిష్ మీడియం. సెలవులకు ఊరికి తీసుకెళ్తే బాపమ్మ, అంటే మీ అత్తమ్మ, ఏం మాట్లాడినా పాప మీ ముఖం వైపు చూస్తోంది. మీరు మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తున్నారు. పైగా స్కూల్ వాళ్లు "ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి" అన్నారు. ఇంగ్లిష్ మన భాషను, మన గుర్తింపును తినేస్తోందా, పాపను తెలుగు మీడియంలో వేయాలా, అసలు ఇంత టెన్షన్ పడాల్సిన విషయమేనా అని అడిగారు.

నేను 33 ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పాను. నాలుగేళ్లు ఏటూరునాగారం అడవుల వైపు, చాలాకాలం నర్సంపేటలో, చివరి పదేళ్లు హనుమకొండలో. 2014లో రిటైరయ్యాను. మా మనవరాలు కూడా ఇంగ్లిష్ మీడియమే. కాబట్టి ఇది నాకు పుస్తకాల విషయం మాత్రమే కాదు, మా ఇంటి విషయం కూడా.

ముందు ఆ స్కూల్ వాళ్ల మాట సంగతి చెప్తాను. మిగతా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అదే. ఆ సలహా దయచేసి పాటించకండి.

మీకు ఆఫీసులో ఇంగ్లిష్ బాగానే వచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఒక్కరోజు ఇంట్లో పాపతో ఇంగ్లిష్‌లో ఏమేం అన్నారో కాగితం మీద రాసి చూడండి. కమ్, సిట్, ఈట్, ఫాస్ట్, హోంవర్క్, డోంట్ డూ దట్, గుడ్ నైట్. దాదాపు అన్నీ ఆజ్ఞలే ఉంటాయి. పాప అలిగితే బుజ్జగించడం, మోకాలికి దెబ్బ తగిలితే ఊదుకుంటూ మాట్లాడటం, మీ చిన్నప్పుడు చెరువుకట్ట మీద నుంచి జారిపడ్డ సంగతి చెప్పి నవ్వించడం, ఇవన్నీ మీరు ఏ భాషలో చేయగలరు? ఇంగ్లిష్ సరిపోని చోట చాలామంది తల్లిదండ్రులు తెలుగులోకి రారు, మాటే ఆపేస్తారు. అలా ఇంట్లో మాట తగ్గిపోతుంది. నా క్లాసులో అలాంటి పిల్లలను చూశాను. వాళ్లకు తెలుగులో ఒక సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పడం రాదు, ఇంగ్లిష్‌లోనూ రాదు. రెండు భాషల్లో కలిపి వాళ్లకున్నది ఒక భాషంత కూడా లేదు.

ఇంట్లో మాట చిక్కగా ఉన్న పిల్లలకు బళ్లో ఇంగ్లిష్ కూడా తొందరగా పట్టుబడుతుంది. ఒక కథలో ముందేమైంది, తర్వాతేమైంది, ఎందుకైంది అని చెప్పగలగడం ఒకసారి వస్తే చాలు, రెండో భాషలో దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్వాల్సిన పని ఉండదు, మాటలు మాత్రం నేర్చుకుంటే సరిపోతుంది. చదువు తల్లిభాషలో మొదలు కావాలని యునెస్కో 1953లోనే సిఫారసు చేసింది. మన రాజ్యాంగంలో 350ఏ అధికరణం ప్రాథమిక స్థాయిలో తల్లిభాషలో చదువుకునే వసతి కల్పించమంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. బళ్లో అది జరగడం లేదు. కనీసం ఇంట్లో ఉన్నదాన్ని ఎవరి మాట వినో వదులుకోకండి.

ఇక ఇంగ్లిష్ మన భాషను తినేస్తోందా అన్న ప్రశ్న. మన వరంగల్ నేల మీద ఈ ప్రశ్న చాలా పాతది, భాష పేరు మాత్రమే మారుతూ వచ్చింది. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుని శాసనం ప్రధానంగా సంస్కృతంలో ఉంటుంది. రాజు గొప్ప చెప్పుకోవడానికి అప్పటి పెద్ద భాష అది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే, ఇక్కడికి ఎంతో దూరం లేని పాలకుర్తిలో కవి సోమనాథుడు జాను తెనుగు, అంటే జనం మాట్లాడే తేట తెలుగు, కావాలన్నాడు, రెండేసి పాదాల ద్విపదలో రాశాడు. ఆయనకు సంస్కృతం రాక కాదు, కన్నడమూ వచ్చు. మామూలు జనం పాడుకునేది, వాళ్లకు విన్నవెంటనే అర్థమయ్యేది కావాలనుకున్నాడు. పెద్ద భాష ఎదురుగా ఉన్నప్పుడు మన భాషకు ఏ పని అప్పజెప్పాలో ఆలోచించిన మనిషిగా నేను ఆయన్ని తలచుకుంటాను.

తర్వాత పారశీకం, 1880లలో దాని స్థానంలో ఉర్దూ నిజాం రాజ్యంలో కచేరీ భాషలయ్యాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు మొత్తం ఉర్దూలోనే. ఇంజినీరింగు, వైద్యం కూడా ఒక భారతీయ భాషలో చెప్పవచ్చని ఉస్మానియా చూపించింది. అందుకోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి వేల పారిభాషిక పదాలు తయారు చేశారు. ఎంతో గొప్ప ప్రయత్నం అది. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడే భాష అది కాదు. మా నాయన ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. తెలుగు అక్షరాలు ఇరవై ఏళ్లు దాటాక నేర్చుకున్నాడు, హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో కూర్చుని, పత్రికల మీద వేలు పెట్టుకుని. 1904లో పుట్టిన ఆ గ్రంథాలయం లేకపోతే మా నాయన తన తల్లిభాషలో చదవను కూడా రాకుండానే పోయేవాడు.

1948లో పోలీస్ యాక్షన్ జరిగి నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. కచేరీలో ఫైళ్లు ఇంగ్లిష్‌లోకి మారసాగాయి, ఉస్మానియా కూడా ఇంగ్లిష్‌కు మారింది. ఉర్దూలో ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న మా నాయన ఒక్కసారిగా చదువురాని వాడిలా నిలబడ్డాడు. ఇంగ్లిష్ వచ్చిన ఉద్యోగులు బయటి ప్రాంతాల నుంచి వచ్చారు. 1952లో వరంగల్‌లో మొదలై హైదరాబాద్ దాకా పాకిన ముల్కీ ఉద్యమం (ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే అన్న ఉద్యమం) వెనుక ఉన్న కోపంలో ఈ బాధ కూడా ఉంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇంగ్లిష్ మీడియం కోసం అప్పులు చేసి ఫీజులు కట్టే తల్లిదండ్రులను చూసి "భాషాభిమానం లేదు" అని తిట్టేవాళ్లను నేను ఒప్పుకోను. ఏ భాషలో నౌకరి ఉందో ఆ భాష వైపు జనం నడుస్తారు. మా నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోజుకు పది ఇంగ్లిష్ మాటలు రాయించింది అందుకే.

ఇన్ని భాషల కింద నలిగినా మన మాట పోలేదు. ఉర్దూ నుంచి మనం తీసుకున్న మాటలకు లెక్కలేదు. జేబు, కుర్చీ, రుమాలు, జవాబు, తయారు, ఖాళీ, తారీఖు, దవాఖాన, పరేషాన్. ఇవి తీసేస్తే మీ అత్తమ్మ ఒక్క పూట కూడా మాట్లాడలేదు. అయినా ఆమె మాట్లాడేది నికార్సయిన తెలుగే. కాబట్టి బస్సు, ఫోను, ఛార్జింగ్ లాంటి మాటలు పాప నోట వస్తే దిగులు పడకండి. మాటలు రావడం వల్ల భాష చావదు.

అయితే ఒక తేడా గమనించాను, అది నన్ను కొంచెం కలవరపెడుతుంది. ఉర్దూ క్రియలను మనవాళ్లు తెచ్చుకుని తెలుగు తోక తగిలించారు. దబానాను దబాయించు చేశారు, చలానాను చలాయించు చేశారు. బనాయించు, జమాయించు, నిభాయించు అన్నీ అలా వచ్చినవే. అంటే మాటను ఇంట్లోకి తెచ్చుకుని, కాళ్లు కడిగి, మన బట్టలు కట్టారు. ఇంగ్లిష్ నామవాచకాలకు కూడా మొదట్లో అలాగే చేశారు. రైలు, బస్సు, కారు, టికెట్టు, బల్బు. చివర ఉకారం చేర్చి మన నోటికి తగినట్టు మలుచుకున్నారు. స్టేషన్ మా అవ్వ నోట్లో టేసను అయింది, విమానం గాలిమోటరు అయింది. గాలిమోటరులో మోటరు ఇంగ్లిష్‌దే, కానీ ఆ మాట పుట్టించింది మన పల్లె. ఇంగ్లిష్ క్రియల దగ్గరికి వచ్చేసరికి మనం ఆ పని చేయలేదు. అన్నిటికీ చివర "చేయడం" అతికిస్తున్నాం. వాష్ చేసింది, కట్ చేసింది, కుక్ చేసింది, వెయిట్ చేసింది. కొత్త పనులకైతే సరే, ఫోన్ రీఛార్జ్ చేయడానికి మన దగ్గర పాత మాట ఏముంటుంది? కానీ వండటం, కడగటం, కోయటం, ఎదురుచూడటం మనకు వేల ఏళ్లుగా ఉన్న పనులు. పిండి కలిపామా, పిసికామా, తడిపామా, బియ్యం చెరిగామా, జల్లించామా, ఏరామా అన్న తేడాలన్నీ ఆ క్రియల్లో ఉన్నాయి. "మిక్స్ చేసింది" అనగానే ఆ తేడాలన్నీ ఒకే గంపలో పడిపోతాయి.

నన్ను అడిగితే భాష బక్కచిక్కేది ఇక్కడ. బయటి మాట లోపలికి రావడం వల్ల కాదు, లోపలి భాషకు పని లేకుండా పోవడం వల్ల. మా ఇంట్లో జరిగిన మూడు సంగతులు చెప్తాను, మీ ఇంట్లోనూ ఇవి జరుగుతూ ఉండాలి.

ఒకటి అంకెలు. మా మనవరాలు ఎనిమిదేళ్లప్పుడు మా వీధి చివరి కిరాణా దుకాణానికి పంపితే, ఆయన "ముప్పై ఎనిమిది" అన్నాడు. పిల్ల అలాగే నిలబడింది. ఆయన "థర్టీ ఎయిట్" అన్నాక డబ్బులు ఇచ్చింది. ఇప్పుడు హనుమకొండ చౌరస్తాలో దుకాణదారులు కూడా పిల్లలను చూడగానే ఇంగ్లిష్ అంకెలే చెప్తున్నారు. అంకెలు చిన్న విషయం అనిపిస్తుంది. కానీ బాపమ్మ వయసు, పొలం ఎకరాలు, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర, తాత పోయి ఎన్నేళ్లయింది, అన్నీ అంకెలే. అంకెలు అర్థం కాని పిల్లకు ఊళ్లో పెద్దల మాటల్లో సగం దాటిపోతుంది.

రెండోది చుట్టరికాలు. మా ఇంటికి మా కూతురి కొడుకు వస్తే, "నీకు బావ అయితడే" అని మా ఇంటావిడ ఆటపట్టించింది. మనవరాలు "కజిన్ కదా" అంది. పెదనాన్న కొడుకు కజిన్, మేనత్త కొడుకు కజిన్, పిన్ని కూతురు కజిన్. ఇంగ్లిష్‌కు వాళ్లందరూ ఒకటే, ఎందుకంటే అక్కడి కుటుంబాలకు ఆ తేడా అవసరం రాలేదు. మనకు పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. ఒకరితో రాఖీ కట్టుడు, ఇంకొకరితో పరాచికం. మేనరికపు పెళ్లిళ్లు వద్దంటాను నేను కూడా, డాక్టర్లు చెప్పే కారణాలు సరైనవే. కానీ పెళ్లిపందిట్లో మేనమామ ఎందుకు ముందుండాలి, ఆడబిడ్డ ఎందుకు అడ్డం నిలబడి కట్నం అడుగుతుంది, వదినె మరదలు ఎందుకు ఒకరినొకరు ఎక్కిరించుకుంటూ పాటలు పాడుతారు, ఇవి అర్థం కావాలంటే ఆ పేర్లు తెలిసి ఉండాలి. యారాలు (తోడికోడలు), సడ్డకుడు (తోడల్లుడు), వియ్యపురాలు లాంటి మాటలు పిల్లల నోట వినబడటం ఆగిపోయింది. అందరూ అంకుల్, అందరూ ఆంటీ. మీరు గుర్తింపు అనే మాట వాడారు కదా. ఒక పిల్ల పదిమంది మధ్య నిలబడి, ఈయన నాకేమవుతాడు, ఈమె ముందు నేను ఎలా మాట్లాడాలి అని తెలుసుకోవడం కన్నా మించిన గుర్తింపు నాకు తోచదు.

మూడోది నా గుండెకు బాగా తగిలింది. దసరా ముందు మనవరాలు ఫోన్‌లో మా ఇంటావిడతో "నానమ్మా, మేము ఊరికి వస్తాం, మేము అందరం కలిసి బతుకమ్మ ఆడుతాం" అంది. మా ఇంటావిడ నవ్వుతూనే, "మేము అంటవేందే, నన్ను కలుపుకోవా?" అంది. పిల్లకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇంగ్లిష్‌లో ఒక్క "వీ" ఉంది. తెలుగులో వింటున్నవాళ్లను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. మాట్లాడిన ప్రతిసారీ నువ్వు మాలో ఉన్నావా లేవా అని చెప్పాల్సిన భాష మనది. ఆ తేడా పిల్ల మనసులో చెరిగిపోతోంది. మా ఇంటావిడ ఆ రాత్రి మళ్లీ ఆ మాటే తలచుకుంది.

ఇంగ్లిష్ వల్లే ఇదంతా జరిగిందా? పూర్తిగా కాదు, ఇక్కడ మనం మనతో నిజాయితీగా ఉండాలి. ఇంగ్లిష్ కన్నా ముందు మనల్ని మన మాట దగ్గర తలవంచుకునేలా చేసింది బడి తెలుగే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిక్షణకు వేరే ప్రాంతానికి వెళ్లాను. "మా సారు నిన్న వచ్చిండు" అన్నాను. నలభై మంది తెలుగు టీచర్లు నవ్వారు. ఆ రోజు నుంచి శిక్షణ అయిపోయేదాకా నేను నోరు తెరవలేదు. తెలుగు చెప్పడానికి ఉద్యోగం ఇచ్చిన మనిషిని నేను, నా తెలుగు దాచుకున్నాను. సినిమాల్లో మన మాట చాలాకాలం రౌడీకో, నవ్వించే పనివాడికో ఇచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పాల్సి వచ్చింది. మన హనుమకొండ కాళోజీ బతికినన్నాళ్లూ బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని చెప్తూనే ఉన్నాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం, మంచిదే. కానీ అప్పటికి రెండు తరాలు తమ మాటంటే తమకే సిగ్గు అన్న అలవాటులో పెరిగాయి. తన మాటంటే సిగ్గుపడే తల్లి ఆ మాటను బిడ్డకు ఇవ్వదు. పల్లె మాట దాచుకుని బడి తెలుగు నేర్చిన తరం, పిల్లల దగ్గరికి వచ్చేసరికి బడి తెలుగు కూడా దాచి ఇంగ్లిష్ నేర్పింది.

పుస్తకాల్లోని తెలుగు కూడా పిల్లలకు దగ్గరగా లేదు. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట నర్సంపేట రైతు బిడ్డకు ఫొటోసింథసిస్ అంత కొత్తదే. దాన్ని బట్టీ పట్టమని నేను కూడా చెప్పాను, ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది. ఆకు ఎండ తాగి అన్నం వండుకుంటుంది అని ముందు చెప్పి, తర్వాత ఏ పేరు చెప్పినా పట్టుబడేది.

ఏటూరునాగారం వైపు పనిచేసినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. మొదటి ఏడాది ఒక కోయ పిల్లవాడు ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. మందబుద్ధి అనుకున్నాం. ఒకరోజు వాళ్ల అమ్మ బడి దగ్గరికి వస్తే పిల్లవాడు గలగలా మాట్లాడాడు. వాళ్ల మాటలో నీళ్లను ఏరు అంటారు. వాడు దాహమై "ఏరు" అంటే, బయట ఉన్న వాగు గురించి చెప్తున్నాడని మేం అనుకున్నాం. ఆ పిల్లవాడికి అప్పుడు తెలుగు ఏం చేసిందో, ఇప్పుడు మన పిల్లలకు ఇంగ్లిష్ అదే చేస్తోంది. లంబాడీ తండాల నుంచి మానుకోట, నర్సంపేట బళ్లకు వచ్చే పిల్లలదీ ఇదే కథ. కోయకు గానీ, గోండీకి గానీ, లంబాడీకి గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో చోటు లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల గోండీ లిపి ఒకటి వెలుగులోకి వచ్చింది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది, ఆ రోజు నేను చాలా సంతోషపడ్డాను. ఇంగ్లిష్ గురించి బాధపడే తెలుగు మనిషి ఈ భాషల గురించి కూడా అంతే బాధపడాలి.

ఇప్పుడు మీడియం సంగతి. పాపను స్కూల్ మాన్పించకండి. కారణం చెప్తాను. 2022-23 నుంచి మన రాష్ట్రంలో సర్కారు బళ్లు కూడా ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు వేశారు. ఆ ఆలోచన నాకు నచ్చింది, ఎందుకంటే ఎదురు పేజీ పిల్లకు చేయి ఊతమవుతుంది. టీచర్ ఆ రెండో పేజీ తెరిపిస్తేనే అనుకోండి. ఏదేమైనా మీరు ఇప్పుడు మంచి తెలుగు మీడియం బడి వెతికినా దొరకడం కష్టం. దొరికినా పై చదువులో మళ్లీ ఇంగ్లిష్ ఎదురవుతుంది. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక పిల్లవాడికి ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఇరవై రోజులకే పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చాడు. "సార్, లెక్క వస్తది గని లెక్క పేరు వస్తలేదు" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేను. వాడిని ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంచి, పొద్దున్నే బస్సెక్కించాను. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయి. పేర్లు నేర్చుకున్నాక మాత్రం వాడిని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు, ఎందుకంటే లెక్క లోపల గట్టిగా ఉంది. వాడు పడ్డ ఆ ఇరవై రోజుల అవమానం ఏ పిల్లకూ రాకూడదు. వాడి లోపల ఉన్న ఆ గట్టిదనం కూడా ఏ పిల్లకూ పోకూడదు. బడి పేర్లు నేర్పుతుంది. లోపలి గట్టిదనం మీ ఇంటి పని.

తెలుగు ఒక సబ్జెక్టుగా ఉండాలని 2018లో చట్టం వచ్చింది, అన్ని బోర్డుల బళ్లకూ వర్తిస్తుంది. మీ పాప స్కూల్లో ఆ పీరియడ్ నిజంగా జరుగుతోందా, లేక లెక్కల టీచర్ వాడుకుంటున్నారా అని వెళ్లి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇంట్లో ఏం చేయాలో కూడా అడిగారు. తెలుగు నేర్పడానికి ట్యూషన్ పెట్టకండి. తెలుగుకు పని ఇవ్వండి, అది తప్పితే జరగని పని. ముందు అంకెలు. ఇంగ్లిష్‌లో లెవెన్, ట్వెల్వ్ దాటాలి, హిందీలో వంద దాకా ప్రతిదీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో ఇరవై దాటితే అంతా ఒకటే పద్ధతి, ఇరవై ఒకటి, ముప్పై ఒకటి, నలభై ఒకటి. పదిరోజులు కూరగాయల సంచీ పాప చేతికిచ్చి, లెక్క తెలుగులో చెప్పించండి. వచ్చేస్తుంది.

రోజూ రాత్రి ఒకే సమయానికి బాపమ్మకు ఫోన్ కలిపి, మీరు గది బయటికి వెళ్లండి. మీరు పక్కన ఉన్నంతకాలం పాప మీ ముఖమే చూస్తుంది, బాపమ్మ కూడా మీతోనే మాట్లాడుతుంది. మొదటి వారం ఇద్దరూ ఇబ్బంది పడతారు. "తిన్నవా", "తిన్నా" దగ్గరే ఆగిపోతుంది. పాప ప్రతిరోజూ బాపమ్మను ఒక్క సంగతి అడగాలని చెప్పండి. నువ్వు చిన్నప్పుడు ఏ ఆట ఆడేదానివి, సర్వపిండి మీద చిల్లులు ఎందుకు పెడతావు, నీ దోస్తు పేరేంటి. మా మనవరాలికి అష్టాచెమ్మా ఆట నేర్పింది మా ఇంటావిడే, ఫోన్‌లోనే. ఎత్తు ఎట్ల వేయాలో, కాయను ఎప్పుడు చంపాలో చెప్పడానికి ఇద్దరికీ తెలుగు తప్ప ఇంకో దారి లేకపోయింది.

పాప తప్పు మాట్లాడితే నవ్వకండి. ఇంట్లో ఎవరినీ నవ్వనివ్వకండి. బాపమ్మ "వచ్చిండు" అంటే పాప "వచ్చాడు" అని దిద్దిందనుకోండి, అప్పుడు మాత్రం ఆపి చెప్పండి, రెండూ సరైనవే, బాపమ్మది మన ఇంటి మాట అని. మీరు కూడా ఆఫీసు వాళ్ల ముందు ఫోన్ వస్తే గొంతు తగ్గించి మీ అమ్మతో మాట్లాడే అలవాటు ఉంటే మానుకోండి. పిల్లలు మనం చెప్పింది వినరు గానీ, మనం ఎక్కడ గొంతు తగ్గిస్తామో చూస్తారు.

చదవడం మాత్రం తొందరపెట్టకండి. గుణింతాలు వరసగా పెట్టి బట్టీ పట్టిస్తే పాప పారిపోతుంది. ముందు తన పేరు, బాపమ్మ పేరు, ఊరి పేరు. తర్వాత కాజీపేట నుంచి హనుమకొండ దాకా బస్సులో వచ్చేటప్పుడు దుకాణాల బోర్డులు. తెలిసిన అక్షరం కనబడితే కేక వేయమనండి. మా పిల్లలు అలాగే నేర్చుకున్నారు.

టెన్షన్ పడాలా అన్నదానికి నా జవాబు, పడాల్సిన చోట పడండి. 2001 జనగణనలో మాట్లాడేవాళ్ల సంఖ్యలో తెలుగు దేశంలో మూడో భాష, 2011లో నాలుగోది అయింది. అయినా మాట్లాడేవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది ఉన్న భాష రేపో ఎల్లుండో మాయం కాదు. తెలుగు ఉంటుంది. మీ అత్తమ్మకూ మీ పాపకూ మధ్య ఉంటుందా అన్నదే మీ ఇంటి ప్రశ్న, దానికి మీ చేతిలో ఉన్న సమయం మాత్రం తక్కువ. అత్తమ్మ వయసు మీరు రాయలేదు, రెండో తరగతి పిల్లకు బాపమ్మ అంటే అరవై దాటే ఉంటుందని అనుకుంటున్నాను.

ఈసారి ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందే పాపను ఊళ్లో దింపి, వీలైతే మీరు వెనక్కి వచ్చేయండి. బాపమ్మతో గునుగు పూలకూ తంగేడు పూలకూ చెలకల వెంట పోనివ్వండి. గునుగు కొసలు కత్తిరించడం, రంగు అద్దడం, తాంబాలంలో వరస పేర్చడం, ఇవన్నీ చేతులతో చూపిస్తూ నోటితో చెప్పే పనులు. అర్థం కాని మాట వచ్చినా చేయి చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రం ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ ఉయ్యాలో అని పాట ఎత్తుకుంటే పాప కనీసం ఆ ఒక్క మాట అందుకుంటుంది. సద్దుల నాడు మీరు వెళ్లేసరికి ఎన్ని మాటలు నేర్చిందో నాకు ఇక్కడ రాయండి, చదవడానికి ఎదురుచూస్తుంటాను.